మీరు లేకపోతే ఏమయ్యేది? ఇంజనీరింగ్ మేనేజర్ పని, దాని ఇంటర్వ్యూ

2002లో గూగుల్ ఒక ప్రయోగం చేసింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల టీములను నడిపే ఇంజనీరింగ్ మేనేజర్లు అసలు అవసరమా అన్న అనుమానంతో ఆ పొరను తీసేసింది. ఇంజనీర్ల మీద ఎవరూ ఉండరు, ఎవరి పని వాళ్లే చూసుకుంటారు అన్నది ఆలోచన. అది కొన్ని నెలలే నడిచింది. ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి ఇద్దరు మనుషుల మధ్య గొడవల దాకా అన్నీ నేరుగా కంపెనీ స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరకు చేరడం మొదలైంది. దాంతో మేనేజర్లు తిరిగి వచ్చారు, అనుమానం మాత్రం పోలేదు. కొన్నేళ్ల తర్వాత అదే కంపెనీ 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో తన సొంత డేటానే తవ్వి చూసింది. మంచి మార్కులు వచ్చిన మేనేజర్ల టీముల్లోంచి మనుషులు తక్కువగా వెళ్లిపోతున్నారని తేలింది. మంచి మేనేజర్లలో కనిపించే 8 లక్షణాలను వరుసగా పేర్చారు. మొదటి స్థానం మంచి కోచ్‌గా ఉండటానికి దక్కింది. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదో స్థానంలో, అంటే చిట్టచివర నిలిచింది.

మేనేజర్‌కు టెక్నాలజీ రాకపోయినా నడిచిపోతుందని ఈ ఫలితానికి కొందరు అర్థం చెబుతారు. అది పొరపాటు. సాంకేతిక నైపుణ్యం ఆ జాబితాలో ఉంది, ఎవరూ తీసేయలేదు. పైగా అక్కడి ఇంజనీరింగ్ మేనేజర్లలో ఎక్కువమంది ఇంజనీర్లుగా ఎదిగినవాళ్లే. దాదాపు అందరికీ ఉన్న గుణాన్ని బట్టి ఎవరు మంచి మేనేజరో, ఎవరు మామూలు మేనేజరో తేల్చలేం. తేడా వచ్చేది మిగతా చోట్ల. కింది మనిషిని ఎదగనిచ్చారా, ప్రతి చిన్న విషయంలో తలదూర్చకుండా ఉండగలిగారా, టీమ్ ఎటు వెళ్లాలో స్పష్టంగా చెప్పారా అన్న చోట.

ఇబ్బందేమిటంటే ఆ పనులేవీ మేనేజర్ పేరు మీద కనబడవు. ఇంజనీర్ రాసిన కోడ్‌కు చరిత్ర ఉంటుంది, డిజైన్ డాక్యుమెంట్ మీద రాసినవాళ్ల పేరు ఉంటుంది. మేనేజర్ చాలా బాగా పనిచేసిన ఏడాది చివర లెక్క చూస్తే, ఫీచర్లు టీమ్ కట్టింది, బగ్గులు టీమ్ సరిచేసింది, ప్రమోషన్ వచ్చినవాళ్లు తమ కష్టంతోనే తెచ్చుకున్నారు. మరి మేనేజర్ చేసిందేమిటి? ఉద్యోగంలోనూ, ఇంటర్వ్యూలోనూ మనుషులు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ ప్రశ్నను నేను ఇంకో రకంగా అడుగుతాను: ఆ కుర్చీలో మీరు లేకపోయి ఉంటే ఏది వేరేగా జరిగి ఉండేది? దీనికి నిజాయితీగా, వివరంగా జవాబు చెప్పగలిగినవాళ్లకు ఇంటర్వ్యూలో సగం పని అయిపోయినట్టే. చెప్పలేనివాళ్లు ఎన్ని ప్రశ్నలు బట్టీపట్టినా లాభం ఉండదు.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఒకే పేరు కింద కంపెనీలు మూడు నాలుగు వేర్వేరు ఉద్యోగాలు నడుపుతాయి. ఒకచోట ఇంజనీరింగ్ మేనేజర్ అంటే నలుగురైదుగురు ఉన్న టీమ్‌కు టెక్ లీడ్, అంటే సాంకేతిక నిర్ణయాల్లో ముందుండే ఇంజనీర్. సగం రోజు కోడ్ రాస్తూ, మిగతా సగం మనుషుల విషయాలు చూసుకోవాలి. ఇంకోచోట ఏడెనిమిది మందితో పూర్తి స్థాయి మేనేజర్, కోడ్ రివ్యూ చేయడమే గొప్ప. మరోచోట పేరు అదే అయినా మీ కింద మళ్లీ మేనేజర్లే ఉంటారు. అప్పుడు మీకు తెలిసేదంతా ఎవరో వడపోసి చెప్పింది. అందులో ఏది వదిలేశారో పట్టుకోవడమే సగం పని. వీటిలో ఒకదానికి బాగా సరిపోయిన మనిషి రెండోదానిలో ఊపిరాడక ఇబ్బంది పడొచ్చు. అందుకే రిక్రూటర్‌తో మొదటి ఫోన్‌లోనే అడగాలి: నా కింద ఎంతమంది ఉంటారు, టెక్ లీడ్ వేరే ఉన్నారా, వారంలో కోడ్ ఎంత రాయాల్సి ఉంటుంది? రిక్రూటర్‌కు తెలియకపోతే హైరింగ్ మేనేజర్‌ను అడగాలి. ఆయనకూ స్పష్టత లేకపోతే ఆ ఉద్యోగం ఇంకా సరిగ్గా రూపుదిద్దుకోలేదని అర్థం.

ఇక పని సంగతి. ఇంజనీర్ నుంచి మేనేజర్ అయినవాళ్లను మొదట కుదిపేసేది ఫలితం తెలిసే వేగం. కోడ్ తప్పయితే టెస్ట్ నిమిషాల్లో చెప్పేస్తుంది. ఒక మనిషిని తప్పుగా తీసుకున్నామని తెలియడానికి ఆరు నెలలు పట్టొచ్చు. ఒక ఇంజనీర్‌కు సరైన ప్రాజెక్ట్ ఇచ్చామా అన్నది ఏడాదికి గానీ తేలదు. అది తేలేదాకా రోజూ సాయంత్రం అయ్యేసరికి 'ఈరోజు నేనేం చేశాను' అనిపిస్తుంది. క్యాలెండర్ నిండా మీటింగులు, చేతిలో చూపించడానికి ఏమీ లేదు. ఆ టెన్షన్‌లో చాలామంది మళ్లీ కోడ్ వైపు పరుగెత్తుతారు, అదీ ముఖ్యమైన కోడ్ వైపు. అక్కడ ప్రమాదం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండు మీటింగుల మధ్య మేనేజర్ పట్టుకున్న పని ఆగిపోతుంది, దాని మీద ఆధారపడ్డ ముగ్గురూ ఆగిపోతారు. పైగా ఆ పని చేసి ఎదగాల్సిన ఇంజనీర్‌కు అవకాశం పోతుంది. కోడ్‌కు దగ్గరగా ఉండటం మంచిదే. ఎవరి దారికీ అడ్డురాని చిన్న పనులు తీసుకోవచ్చు, డిజైన్లు చదవచ్చు, సిస్టమ్ ఆగిపోవడం లాంటి ఇన్సిడెంట్ జరిగినప్పుడు కాల్‌లో కూర్చోవచ్చు.

టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా కూర్చునే వన్-ఆన్-వన్‌లను చాలామంది స్టేటస్ అడగడానికి వాడేస్తారు. స్టేటస్ పనులు నమోదు చేసే టికెట్లలో దొరుకుతుంది. ఆ అరగంట ఎందుకంటే, నలుగురిలో చెప్పలేనిది చెప్పుకోవడానికి. ఫలానా సీనియర్ తన రివ్యూలన్నీ వారం ఆపేస్తున్నారని, ఇంట్లో పరిస్థితి బాగోలేదని, ఇంకో కంపెనీ వాళ్లు పిలిచారని. ఇవి మొదటి నెలలో ఎవరూ చెప్పరు. చెప్పినదాన్ని మీరు ఎక్కడికి మోసుకెళ్తారో, దేనిమీద చర్య తీసుకుంటారో కొన్నాళ్లు చూశాకే నోరు విప్పుతారు. పని ఎక్కువైన వారంలో మొదట రద్దు చేసేది వన్-ఆన్-వన్ అయితే, వాళ్లకు అందే సందేశం కూడా స్పష్టంగానే ఉంటుంది.

గడువుల విషయానికొస్తే, ప్రాజెక్ట్ ఆలస్యమైనప్పుడు పైనుంచి వచ్చే మొదటి మాట 'ఇంకో ఇద్దర్ని ఇస్తాం' అని. ఆ మాటను కాదనడం కష్టం. కానీ 5 మంది టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10 ఉంటే, 10 మంది టీమ్‌లో అవి 45 అవుతాయి. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న పాతవాళ్లే. ఆలస్యమైన పని ఇంకా ఆలస్యమవుతుంది. ఆ లెక్కను పైవాళ్లకు ఓపిగ్గా వివరించి, మనుషులకు బదులు పరిధి తగ్గించమని అడగడం, ఏ భాగం తగ్గించాలో ముందే ప్రొడక్ట్ మేనేజర్‌తో తేల్చుకుని వెళ్లడం మేనేజర్ పని. ఇది ఏ డ్యాష్‌బోర్డ్‌లోనూ కనబడదు. చేయకపోతే మాత్రం టీమ్ మొత్తానికి తెలుస్తుంది.

అన్నిటికంటే బరువైనది సరిగ్గా పనిచేయలేకపోతున్న మనిషి విషయం. ఇక్కడ మనకు సహజంగా వచ్చేది వాయిదా వేయడం. 'ఈ రిలీజ్ అయ్యాక మాట్లాడదాం' అనుకుంటాం. ఆ రిలీజ్ అయిపోతుంది, ఇంకోటి వస్తుంది. ఈలోగా మిగతావాళ్లు ఆ పని మోస్తూ లోపల్లోపల కోపం పెంచుకుంటారు. చివరికి అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ చూసి ఆ మనిషి నివ్వెరపోతారు. ఆ నివ్వెరపాటుకు బాధ్యత పూర్తిగా మేనేజర్‌దే. ముందు చేయాల్సింది కారణం వెతకడం. తన నుంచి ఏం ఆశిస్తున్నారో ఆ మనిషికి తెలుసా? తెలిసి చేతకావడం లేదా? చేతనై మనసు పెట్టడం లేదా? బయట ఏదైనా జరుగుతోందా? లేక సరిపడని పనిలో పెట్టామా? ఒక్కోదానికి మందు వేరు. చేతకానివారికి ఉపన్యాసం పనికిరాదు, తోడుగా ఒక సీనియర్ కావాలి. ఏం మారాలో, ఎప్పటికల్లా మారాలో నోటితో చెప్పి, తర్వాత రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వడం కఠినంగా అనిపిస్తుంది కానీ, మాట మాత్రంగా చెప్పినదాన్ని భయంలో ఉన్న మనిషి సగమే వింటారు. చాలాసార్లు మనిషి కోలుకుంటారు. కోలుకోనప్పుడు విడిపోవాల్సి వస్తుంది. అప్పుడైనా వాళ్లకు తెలియకుండా ఏదీ జరగలేదని మీరు చెప్పగలగాలి.

కొలతల గురించి రెండు మాటలు. టీమ్ బాగా నడుస్తోందని ఎలా తెలుస్తుందని అడిగితే ఈమధ్య అందరూ సాఫ్ట్‌వేర్ టీముల పనితీరుకు వాడే డోరా (DORA) కొలతలు చెబుతున్నారు: కొత్త కోడ్‌ను ఎంత తరచుగా వాడకంలోకి పంపుతున్నారు (డిప్లాయ్), కమిట్ చేసిన కోడ్ ప్రొడక్షన్‌కు చేరడానికి ఎంత సమయం, ఎన్ని మార్పులు విఫలమవుతున్నాయి, విఫలమైతే ఎంతసేపట్లో కోలుకుంటున్నారు. మంచి కొలతలే. అయితే అవి టీమ్‌కు, సిస్టమ్‌కు సంబంధించినవి. ఒక్కో మనిషికి మార్కులు వేయడానికి వాడితే జనం మార్పులను ముక్కలు చేసి అంకెలు పెంచుతారు, పని పెరగదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. కంపెనీని బట్టి మారినా రౌండ్లు ఇంచుమించు ఇవే: మనుషుల నిర్వహణ మీద ఒకటో రెండో, మీరు నడిపిన ప్రాజెక్ట్‌ను లోతుగా తవ్వేది ఒకటి, సిస్టమ్ డిజైన్ ఒకటి, ప్రొడక్ట్ మేనేజర్ లాంటి పక్క విభాగం వాళ్లతో ఒకటి, కొన్నిచోట్ల కోడింగ్. చాలా కంపెనీల్లో అందరికీ ఒకే రకం ప్రశ్నలు వేసి, ముందే రాసుకున్న ప్రమాణాల మీద మార్కులు వేస్తారు. ఇది చూడటానికి యాంత్రికంగా ఉంటుంది. కానీ ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో ముందే చెప్పే పద్ధతుల్లో ఇలాంటి నిర్దిష్ట ఇంటర్వ్యూలు ముందు వరుసలో ఉన్నాయని 2022లో పాల్ సాకెట్ బృందం ప్రచురించిన విశ్లేషణ కూడా చెబుతోంది. కబుర్లలా సాగిన ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లకు నచ్చడం ఒక్కటే కొలత అయిపోతుంది. కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వకుండా నోట్స్ రాసుకుంటుంటే కంగారు పడక్కర్లేదు.

ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు నాకు ఎక్కువగా వినబడే బలహీనత 'మేము' అన్న మాట వెనక దాక్కోవడం. మంచి మేనేజర్లే ఇందులో చిక్కుకుంటారు, ఎందుకంటే టీమ్‌కు పేరు ఇవ్వాలని ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నారు. దీనికి వ్యతిరేక దిక్కులో ఉన్నవాళ్లు అన్నీ 'నేనే' అంటారు. డిజైన్ నేనే, కోడ్ నేనే, రాత్రి రెండింటికి సర్వర్ లేపింది నేనే. అది విన్నాక వాళ్ల టీమ్‌లో ఉన్నవాళ్ల మీద జాలి వేస్తుంది. రెండిటి మధ్య దారి ఉంది: పని ఎవరు చేశారో వాళ్లకు పేరివ్వండి, నిర్ణయం మీదైతే మీదని చెప్పండి.

ఊహించుకోవడానికి ఒక ఉదాహరణ. కష్టమైన ప్రాజెక్ట్ గురించి చెప్పమన్నారు. ఒకరు ఇలా చెబుతారు: "మా టీమ్ పాత పేమెంట్స్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చింది. చాలా సవాళ్లు వచ్చాయి. అందరం కలిసికట్టుగా కష్టపడి సమయానికి పూర్తి చేశాం." ఇందులో అబద్ధం లేకపోవచ్చు, రాసుకోవడానికి ఏమీ లేదు కూడా. ఇంకొకరు ఇలా చెబుతారు: "రెండో నెలలో లెక్క చూస్తే గడువుకు అందదని తేలింది. మనుషులను అడగొచ్చు, గడువు జరపొచ్చు, పరిధి తగ్గించొచ్చు. కొత్తవాళ్లు కుదురుకునేసరికే గడువు అయిపోతుంది కాబట్టి మొదటిది వదిలేశాను. పాత సిస్టమ్ లైసెన్స్ ముగుస్తుంది కాబట్టి రెండోది కుదరదు. రీఫండ్‌ల భాగాన్ని తర్వాత మారుద్దామని ప్రతిపాదించాను. కస్టమర్ సపోర్ట్ వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్లు రెండు స్క్రీన్లు చూడాల్సి వస్తుంది. వాళ్ల లీడ్‌తో కూర్చుంటే నిజమైన ఇబ్బంది స్క్రీన్లతో కాదు, వెతకడంతో అని తెలిసింది. రెండిట్లోనూ వెతికే చిన్న టూల్ మా ఇంజనీర్ ఒకరు వారంలో రాశారు. గడువుకు అందాం. అయితే రెండు సిస్టమ్‌లు నడపడంతో ఆన్‌కాల్ భారం, అంటే వేళకాని వేళ సమస్య వస్తే లేచి చూడాల్సిన పని, నేను అనుకున్నదానికంటే బాగా పెరిగింది. ఈసారి అయితే దాన్ని ముందే లెక్కలోకి తీసుకుంటాను."

రెండో జవాబులో గొప్ప విజయమేమీ లేదు. కానీ ఆ మనిషి అక్కడ లేకపోతే ఏం జరిగేదో వినేవాళ్లకు తెలిసిపోయింది. ఏ దారులు ఉన్నాయో, ఏది ఎందుకు వదిలేశారో, ఎవరు కాదన్నారో, దానికి ఏం మూల్యం పడిందో ఉన్నాయి. సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అన్న నాలుగు మెట్ల స్టార్ పద్ధతిని అందరూ నేర్పుతారు. అది మాట చెదిరిపోకుండా కాపాడుతుంది, అంతవరకే. మేనేజర్ ఇంటర్వ్యూలో బరువంతా ఆ మెట్ల మధ్య ఉండే నిర్ణయంలో ఉంటుంది. సందర్భం చెప్పడానికే ఐదు నిమిషాలు ఖర్చు చేసి, చేసిన పనిని రెండు వాక్యాల్లో ముగించేవాళ్లు చాలామంది. దాన్ని తలకిందులు చేయాలి.

అసలు పరీక్ష అనుబంధ ప్రశ్నల్లో ఉంటుంది. "ఆ ఇంజనీర్ మీ మాటతో ఏకీభవించారా?" "ఆయన్ను అడిగితే ఇదే కథ ఎలా చెబుతారు?" "ఎప్పుడు మొదటిసారి సమస్య గమనించారు, ఎప్పుడు మాట్లాడారు?" కల్పించిన కథ ఇక్కడ కూలిపోతుంది, ఎందుకంటే కల్పించిన కథలో వేరే మనుషులకు సొంత అభిప్రాయాలు ఉండవు. తీసేయాల్సి వచ్చిన మనిషి గురించి చెప్పమన్నప్పుడు నేను సంఘటనతో పాటు మీ గొంతు కూడా వింటాను. ఆ మనిషిని తక్కువ చేసి మాట్లాడితే, రేపు మా టీమ్‌లో వాళ్ల గురించి ఇంకోచోట అలాగే మాట్లాడతారని అనిపిస్తుంది.

సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో ఇంజనీర్ నుంచి ఆశించేంత లోతు అన్నిచోట్లా అడగరు. మేనేజర్ నుంచి చూసేది ఇంకోటి ఉంది: ఈ డిజైన్‌ను ఏ టీమ్ నడుపుతుంది, ముందు ఏ భాగం కడతారు, రాత్రి పగిలితే ఎవరు లేస్తారు, రెండేళ్ల తర్వాత ఎక్కడ ఇరుక్కుంటాం? బొమ్మలో ఐదు సర్వీసులు గీసి, ఉన్నది నలుగురు ఇంజనీర్లు అన్న విషయం మర్చిపోతే అది డిజైన్ తప్పే. అయితే ప్రాథమిక విషయాలు తడబడితే క్షమించరు, క్షమించకూడదు కూడా. తమ డిజైన్ ఎందుకు తప్పో చెప్పలేని మేనేజర్‌ను మంచి ఇంజనీర్లు ఎక్కువకాలం గౌరవించరు.

ఇంటర్వ్యూలు అయ్యాక లోపల జరిగే డీబ్రీఫ్ గురించి తెలుసుకుంటే మేలు. ప్రతి ఒక్కరూ రాసుకున్న నోట్స్ చదివి, అవునో కాదో చెబుతారు. అమెజాన్‌లో అయితే తీసుకుంటున్న టీమ్‌కు సంబంధం లేని 'బార్ రైజర్' ఒకరు కూర్చుంటారు, వాళ్లు వద్దంటే ఆగిపోతుంది. అక్కడ మీరు ఉండరు. మీ తరఫున మాట్లాడేది ఆ నోట్స్‌లో ఉన్న వివరాలే. 'మంచి లీడర్‌లా అనిపించారు' అన్న వాక్యం ఎవరి అనుమానానికీ ఎదురు నిలబడదు. 'ఆరు వారాల ముందే ప్రమాదం గమనించి, ఫలానా భాగం తగ్గించడానికి ముగ్గురిని ఒప్పించారు' అన్నది నిలబడుతుంది. అందుకే పని చేస్తున్న రోజుల్లోనే నిర్ణయాలను రాసిపెట్టుకోమని అందరికీ చెబుతాను. ఆ రోజు ఏం తెలుసు, ఏం తెలియదు, ఏం ఎంచుకున్నారు, ఎందుకు. నెలకు ఒక పేజీ చాలు. ఏడాది తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే ఫలితం తెలిసిన తర్వాతి కథే గుర్తుంటుంది, అప్పటి సందిగ్ధం గుర్తుండదు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ సందిగ్ధం గురించే.

మొదటిసారి మేనేజర్ కావాలనుకునేవాళ్లకు బయట కంపెనీలో ఆ ఉద్యోగం దొరకడం కష్టం. కొత్త మనుషులు, కొత్త కోడ్, కొత్త పాత్ర మూడూ ఒకేసారి అప్పగించడానికి ఎవరైనా జంకుతారు. ఉన్నచోటే ఒక ఇంటర్న్‌ను చూసుకోవడం, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోవడం, రెండు టీముల మధ్య నలుగుతున్న ప్రాజెక్ట్‌ను భుజాన వేసుకోవడం నుంచి మొదలుపెట్టడం మంచి దారి. నచ్చకపోతే వెనక్కి రావడం కూడా అక్కడ తేలిక. వెనక్కి రావడం ఓటమి కాదని నేను గట్టిగా నమ్ముతాను. మంచి కంపెనీల్లో ఇంజనీర్‌గానే పై స్థాయిలకు వెళ్లే దారి వేరుగా ఉంటుంది.

ఇప్పటి మార్కెట్‌ను కూడా చూసుకోవాలి. 2023 మార్చిలో మెటా తన పొరలను తగ్గిస్తున్నానని చెప్పి చాలామంది మేనేజర్లను తిరిగి ఇంజనీర్లుగా మారమంది. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ సీఈఓ ఆండీ జస్సీ 2025 మొదటి త్రైమాసికం ముగిసేలోగా మేనేజర్లతో పోలిస్తే మిగతా ఉద్యోగుల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలని ప్రకటించారు. వీటి ప్రభావం ఉద్యోగార్థి మీద నేరుగా పడుతుంది: ఖాళీలు తక్కువ, ఒక్కొక్కరి కింద మనుషులు ఎక్కువ, కోడ్‌కు దూరమైనవాళ్ల మీద అనుమానం ఎక్కువ. ముగ్గురినే చూసుకుంటూ మీటింగులతో రోజు గడిపే పాత్రలో ఉన్నవాళ్లు ఇప్పుడే తమ టీమ్ కోడ్‌ను మళ్లీ చదవడం మొదలుపెట్టాలి.

చివరి పది నిమిషాల్లో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అని అడిగినప్పుడు మర్యాదకు ఏదో ఒకటి అడిగి వదిలేయకండి. ఈ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయింది? ముందున్న మేనేజర్ ఇప్పుడెక్కడ ఉన్నారు? ఈ ఏడాది టీమ్‌లోంచి ఎవరెవరు వెళ్లిపోయారు? రేటింగ్‌లు, ప్రమోషన్లు నేను ప్రతిపాదిస్తే చివరి మాట ఎవరిది? పైవాళ్లు అడిగిన గడువును కాదన్న మేనేజర్‌కు చివరిసారి ఏం జరిగింది? ఈ ఆఖరి ప్రశ్న మీకు బాస్ కాబోయే మనిషినే అడగాలి. జవాబుగా పేరు చెప్పకుండా ఒక నిజమైన సంఘటన చెబితే ముందుకు వెళ్లొచ్చు. 'మా దగ్గర అలాంటి సందర్భాలు రావు' అంటే మాత్రం టీమ్‌లో ఒక ఇంజనీర్‌తో విడిగా మాట్లాడే అవకాశం ఇవ్వమని అడగండి, ఆ తర్వాతే ఆఫర్ మీద సంతకం గురించి ఆలోచించండి.